28 కోట్ల సంవత్సరాలకే గెలాక్సీ తయారైపోతే బిగ్ బ్యాంగ్ మాటేమిటి?

లెక్కల_మాస్టారు
"బిగ్ బ్యాంగ్ తప్పని జేమ్స్ వెబ్ టెలిస్కోపు తేల్చేసింది" అన్న మాట టీవీలోనూ యూట్యూబ్‌లోనూ వినీ వినీ విసుగెత్తింది. మలక్‌పేటలో పదో తరగతికి లెక్కలు చెబుతాను. పిల్లలు అదే మాట పట్టుకొచ్చి అడుగుతున్నారు. నాకు అర్థమైనంత వరకు గొడవంతా ఇది: విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. మామ్-జెడ్14 అనే గెలాక్సీ మొదటి 28 కోట్ల సంవత్సరాలకే వెలుగుతూ కనిపించింది. మొత్తం వయసులో రెండు శాతం! అంత తక్కువ కాలంలో ఒక గెలాక్సీ ఎలా కూడింది? తప్పు సిద్ధాంతంలో ఉందా, మన అంచనాలో ఉందా? "శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా ఎవరైనా అంకెలతో చెప్పండి.

నౌబత్_పహాడ్
ఆశ్చర్యపోవడం వేరు, తప్పని తేలడం వేరు. వెబ్ చూసింది తొలి గెలాక్సీలను. అవి త్వరగా పుట్టాయంటే ముందుగా ఇరుకున పడేది వాయువు నుంచి నక్షత్రాలు ఎంత వేగంగా పుడతాయన్న మన అంచనాలే. విశ్వం వ్యాకోచిస్తోందా లేదా అన్నది వేరే సాక్ష్యాల మీద నిలబడి ఉంది.

ముషీరాబాద్_సందేహం
అంత తేలిగ్గా తీసిపారేస్తే ఎలాగండీ? ఒట్టావా విశ్వవిద్యాలయానికి చెందిన రాజేంద్ర గుప్తా 2023లో విశ్వం వయసు 2,670 కోట్ల సంవత్సరాలని లెక్కకట్టి ప్రచురించారు. ఈ గెలాక్సీలకు సమయం చాలడం లేదన్న ఇబ్బంది నుంచే ఆ లెక్క పుట్టింది. మన జయంత్ నార్లీకర్ గారైతే బిగ్ బ్యాంగ్‌ను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయన పాండిత్యాన్ని శంకించగలవారు ఇక్కడ ఎవరున్నారు?

సైనిక్‌పురి_దుర్భిణి
నార్లీకర్ గారి పాండిత్యాన్ని ఎవరూ శంకించడం లేదు. 1988లో పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టిన మనిషి, 2025 మేలో పోయినప్పుడు దేశమంతా తలచుకుంది. కానీ ఆయన, ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ కలిసి సమర్థించిన స్థిర స్థితి విశ్వానికి, అంటే విశ్వానికి మొదలంటూ లేదన్న సిద్ధాంతానికి, 1965లో బయటపడ్డ సూక్ష్మతరంగ నేపథ్యం (విశ్వమంతటా నిండి ఉన్న తొలినాటి వెలుగు) పెద్ద అడ్డంకిగా నిలిచింది. తర్వాత 1993లో దాన్ని సవరించి మళ్ళీ ప్రతిపాదించారు, అయినా ఆ నేపథ్యంలోని సన్నని హెచ్చుతగ్గులను బిగ్ బ్యాంగ్ నమూనా వివరించినంత బాగా అది వివరించలేకపోయింది.

ఇక 2,670 కోట్ల మాట. విశ్వం అంత పాతదైతే 2,000 కోట్ల ఏళ్ళ నక్షత్రాలు ఏవి? మన పాలపుంతలో అత్యంత పాత గోళాకార నక్షత్ర గుచ్ఛాల వయసు 1,200-1,300 కోట్ల దగ్గరే ఆగిపోతోంది. సూర్యుడికంటే చిన్న నక్షత్రాలు అంతకంటే ఎంతో ఎక్కువ కాలం బతకగలవు. ఉంటే కనిపించాలి కదా.

ముషీరాబాద్_సందేహం
కనిపించనంత మాత్రాన లేవని కాదు. సరే, దాన్ని పక్కన పెడదాం. మాస్టారు అడిగింది అంకెలు. చెప్పండి.

ఉస్మానియా_పాత_విద్యార్థిని
అంకెలు నేను చెబుతాను. ఖగోళ శాఖలో చదివే రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క ఇదే.

మొదటి 3,80,000 సంవత్సరాలు విశ్వం వేడి ప్లాస్మా. విడి ఎలక్ట్రాన్లు కాంతిని ముందుకు సాగనివ్వవు, కాంతి పీడనం వాయువును ఒకచోట పోగుపడనివ్వదు. ఉష్ణోగ్రత 3,000 కెల్విన్‌ల దాకా దిగాక ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి అణువులు కాదు, పరమాణువులు ఏర్పడ్డాయి. ఏ వేడి దగ్గర ఎంత వాయువు అయనీకరణం చెంది ఉంటుందో చెప్పే సమీకరణం మన మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిందే. ఆ క్షణంలో విడుదలైన కాంతే నేటి సూక్ష్మతరంగ నేపథ్యం. అందులో ఒకచోటికీ ఇంకోచోటికీ ఉన్న తేడా సుమారు లక్షలో ఒక వంతు అని 1992లో కోబ్ ఉపగ్రహం చూపింది.

అప్పటి నుంచి నేటికి విశ్వం సుమారు 1,100 రెట్లు వ్యాకోచించింది. పదార్థానిదే పైచేయిగా ఉన్న కాలంలో సాంద్రతలోని చిన్న తేడా కూడా వ్యాకోచంతో సమానంగా అన్ని రెట్లే పెరుగుతుంది. మాస్టారూ, ఇక మీరే గుణించండి.

లెక్కల_మాస్టారు
లక్షలో ఒక వంతును 1,100తో గుణిస్తే నూటికి ఒకటి! అంటే ఈనాటికి కూడా సగటు కంటే ఒక శాతం ఎక్కువ పదార్థం ఉన్న ప్రాంతాలు తప్ప మరేమీ ఉండకూడదు. 28 కోట్ల మాట అటుంచండి, 1,380 కోట్ల సంవత్సరాలూ చాలవు. పాలపుంతే ఉండకూడదు. ఇదెక్కడి లెక్క అమ్మా!

ఉస్మానియా_పాత_విద్యార్థిని
అదే అసలు కిటుకు. మామూలు పదార్థం ఒక్కటే ఉంటే మనం లేము. అందుకే కంటికి కనిపించని కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) కావాలి. దానికి కాంతితో పని లేదు కాబట్టి కాంతి పీడనం దాన్ని ఆపలేదు. ప్లాస్మా ఇంకా సలసల కాగుతున్న కాలంలోనే అది గుంపులు కట్టడం మొదలుపెట్టింది. విశ్వంలో అది 27 శాతం, మామూలు పదార్థం 5 శాతం. పరమాణువులు ఏర్పడి కాంతి పట్టు సడలగానే వాయువు, అప్పటికే సిద్ధంగా ఉన్న ఆ గుంపుల గురుత్వంలోకి జారిపడింది.

చెరువుల_ఇంజనీరు
మన గొలుసుకట్టు చెరువులే గుర్తొస్తున్నాయి. చెరువు ముందే తవ్వి ఉంటుంది. వాన పడ్డాక నీళ్ళు చేరడానికి ఎంతసేపు? చిన్న చెరువు నిండి అలుగు పారి పెద్ద చెరువులో కలిసినట్టే చిన్న గుంపులు కలిసి పెద్ద గెలాక్సీలు అవుతాయనుకుంటాను.

ముషీరాబాద్_సందేహం
పోలిక అందంగా ఉంది కానీ అసలు దెబ్బ అక్కడే తగులుతోంది. లెక్క కుదరకపోయేసరికి కంటికి కనిపించని పదార్థాన్ని తెచ్చి కలిపారు. ప్రయోగశాలలో దాని కణం ఒక్కటైనా దొరికిందా?

నౌబత్_పహాడ్
దొరకలేదు. ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నారు, దొరకలేదు. ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ "ఈ లెక్క కోసం తెచ్చి కలిపారు" అన్నది మాత్రం చరిత్రకు విరుద్ధం. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలు చూసి, కనిపించే ద్రవ్యరాశి వాటిని పట్టి ఉంచడానికి చాలదన్నారు. 1970ల్లో వెరా రూబిన్ గెలాక్సీల అంచుల్లోని నక్షత్రాలు ఉండాల్సిన దానికంటే వేగంగా తిరుగుతున్నాయని కొలిచి చూపారు. గురుత్వ కటకాలు (బరువు వల్ల కాంతి దారి వంగడం), సూక్ష్మతరంగ నేపథ్యం కూడా విడివిడిగా అదే చెబుతున్నాయి. నాలుగు వేర్వేరు దారుల్లో వెళ్ళినా ఒకే చోటికి చేరుతున్నారు.

మెట్టుగూడ_మేఘం
చెరువు పోలికకు ఒక చిక్కు ఉంది. నీరు పల్లానికి చేరి ఊరుకుంటుంది. వాయువు లోపలికి పడితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఎదురు తన్నుతుంది. ఆ వేడిని బయటికి వదిలేస్తేనే నక్షత్రంగా కుదించుకుపోగలదు. ఈనాడు ఆ పని కార్బన్, ఆక్సిజన్, ధూళి చేస్తాయి. అందుకే మన చుట్టూ ఉన్న మేఘాలు 10 కెల్విన్‌ల దాకా చల్లబడతాయి. ఆ రోజుల్లో అవేవీ లేవు. ఉన్నది హైడ్రోజన్, హీలియం, చిటికెడు లిథియం. వేడి వదిలే పని రెండు హైడ్రోజన్ పరమాణువులు జతకట్టిన అణువు ఒక్కదాని మీదే పడింది. దానితో 200 కెల్విన్‌ల వరకు దిగడమే కష్టం.

వేడి ఎక్కువగా ఉంటే కుప్పకూలడానికి ద్రవ్యరాశి ఎక్కువ కావాలి. అందుకే తొలి నక్షత్రాలు సూర్యుడికి పదుల రెట్లు, కొన్నైతే వందల రెట్లు బరువైనవని అంచనా. అంత బరువైనవి ఎక్కువ కాలం బతకవు. కొన్ని పదుల లక్షల సంవత్సరాల్లోనే వాటి కథ ముగుస్తుంది. పేలిపోతూ ఆక్సిజన్, కార్బన్, ఇనుము చుట్టూ చల్లుతాయి. తర్వాతి తరానికి చల్లబడటం సులువవుతుంది.

చిక్కడపల్లి_అక్షరాలు
మా అత్తగారికి చదివి వినిపించాను. "28 కోట్ల సంవత్సరాలను తొందర అంటున్నారా!" అని నవ్వారు. ఆవిడ ప్రశ్న ఒకటి అడగమన్నారు: తొలి నక్షత్రాలను నేరుగా ఎవరైనా చూశారా?

మెట్టుగూడ_మేఘం
అందరూ ఒప్పుకునేంత ఖాయంగా ఇంకా చూడలేదు, అక్కా. వాటి గుర్తులు మాత్రం ఉన్నాయి. జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ బిగ్ బ్యాంగ్ తర్వాత 30 కోట్ల సంవత్సరాలలోపుది. చిలీ ఎడారిలోని ఆల్మా టెలిస్కోపు దానిలో ఆక్సిజన్ ఉందని పట్టుకుంది, 2025లో ప్రకటించారు. ఆక్సిజన్ బిగ్ బ్యాంగ్‌లో పుట్టలేదు, నక్షత్రాల కడుపులోనే పుడుతుంది. అంటే మనం చూస్తున్న సమయానికే అక్కడ కనీసం ఒక తరం నక్షత్రాలు పుట్టి, పెరిగి, పేలిపోయాయి.

చిక్కడపల్లి_అక్షరాలు
ఆవిడకు ఈ జవాబు బాగా నచ్చింది. రాత్రి భోజనాల దగ్గర అందరికీ చెప్పారు.

కోఠి_పాతపుస్తకం
ఒక హెచ్చరిక. ఈ దూరాలన్నీ ఒకే రకమైనవి కావు. రంగుల వడపోతలతో తీసిన చిత్రాలను బట్టి వేసేది అంచనా మాత్రమే. వర్ణపటం తీస్తేనే ఖాయం. సీర్స్-93316 అనే గెలాక్సీకి మొదట రెడ్‌షిఫ్ట్ (వ్యాకోచం వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే అంకె) 16 అన్నారు, అంటే 25 కోట్ల సంవత్సరాల నాటిది. పత్రికలన్నీ మోగించాయి. 2023లో వర్ణపటం తీస్తే తేలింది 4.9. వంద కోట్ల సంవత్సరాలు దాటిన తర్వాతి గెలాక్సీ! దాని ధూళి, బలమైన ఉద్గార రేఖలు కలిసి అంత దూరపు గెలాక్సీలా భ్రమ కలిగించాయి. టీవీ వాళ్ళు మొదటి వార్త చెప్పారు, రెండోది చెప్పలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

లెక్కల_మాస్టారు
మామ్-జెడ్14 సంగతి?

కోఠి_పాతపుస్తకం
దానికి వర్ణపటం ఉంది. రెడ్‌షిఫ్ట్ 14.44. పిల్లలకు మంచి లెక్క ఇవ్వచ్చు మాస్టారూ: హైడ్రోజన్ లైమన్-ఆల్ఫా రేఖ 121.6 నానోమీటర్లు, దాన్ని 15.44తో గుణించమనండి.

లెక్కల_మాస్టారు
1,877 నానోమీటర్లు, దాదాపు 1.88 మైక్రాన్లు. బయలుదేరినప్పుడు అతినీలలోహితం, చేరేసరికి పరారుణం.

కోఠి_పాతపుస్తకం
పాత అంతరిక్ష టెలిస్కోపు హబుల్ చూపు 1.7 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. కనుక ఆ గెలాక్సీ హబుల్‌కు ఎంతసేపు చూసినా కనపడదు. 2021 డిసెంబరు 25న 6.5 మీటర్ల అద్దంతో వెబ్‌ను పంపి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో చల్లగా నిలబెట్టింది ఇందుకే.

ఇంటర్_మొదటి_సంవత్సరం
ఒక సందేహం. కాంతి 1,350 కోట్ల సంవత్సరాలు ప్రయాణించింది కాబట్టి అది 1,350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నట్టేనా?

నౌబత్_పహాడ్
కాదు తమ్ముడూ. కాంతి దారిలో ఉండగా మధ్యలోని స్థలం వ్యాకోచిస్తూనే ఉంది. ఇప్పుడు అది 3,300 కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే ఉంటుంది.

ముషీరాబాద్_సందేహం
దూరాలు ఒప్పుకుంటాను. కానీ 2023 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ఆరు భారీ గెలాక్సీల మాట ఎవరూ ఎత్తడం లేదేమిటి? బిగ్ బ్యాంగ్ తర్వాత 50 నుంచి 70 కోట్ల సంవత్సరాల మధ్యవి. ఒకదానిలో నక్షత్రాల బరువు 10,000 కోట్ల సూర్యులంత ఉండవచ్చన్నారు. దాదాపు పాలపుంతతో పోల్చదగినంత! కృష్ణ పదార్థపు గుంపుల్లో చేరిన వాయువు మొత్తం నక్షత్రాలైపోయినా అంత బరువు రావడం కష్టం. ఇది రాసింది టీవీ వాళ్ళు కాదు, శాస్త్రవేత్తలే.

సైనిక్‌పురి_దుర్భిణి
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇది అసలైన అభ్యంతరం. ఆ ఆరూ అప్పటికి అభ్యర్థులే, కోఠి గారు చెప్పినట్టు వర్ణపటాలు లేవు. తర్వాత వాటిలో ఒకదానికి వర్ణపటం తీస్తే రెడ్‌షిఫ్ట్ 5.6 దగ్గరికి దిగింది, వెలుగులో పెద్ద భాగం లోపలి కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువుదని తేలింది. ఇలాంటివే, "చిన్న ఎర్ర చుక్కలు" అని పిలిచే వస్తువులు వెబ్ చిత్రాల్లో వందల కొద్దీ ఉన్నాయి. ఆ వెలుగునంతా నక్షత్రాలదే అనుకుంటే గెలాక్సీ బరువు అమాంతం పెరిగిపోతుంది. 2024లో టెక్సాస్ బృందం ఈ చుక్కలను తీసేసి మళ్ళీ లెక్కపెట్టింది. బిగ్ బ్యాంగ్ ప్రామాణిక నమూనాను బద్దలుకొట్టేంత భారీవి మిగల్లేదు. కానీ భారీ గెలాక్సీలు అనుకున్న దానికి రెట్టింపు సంఖ్యలో ఉన్నాయి.

ఆ రెట్టింపే నన్ను వదలని విషయం. మన దగ్గరి గెలాక్సీల్లో వాయువులో కొద్ది భాగమే నక్షత్రాలుగా మారుతుంది. మొదట పుట్టిన భారీ నక్షత్రాలు పేలి మిగతా వాయువును తరిమేస్తాయి. తొలి రోజుల్లో వాయువు చాలా దట్టంగా ఉండేది. పేలుళ్ళు మొదలవడానికి ముందే, పది లక్షల సంవత్సరాల వ్యవధిలో, ఒక మేఘంలోని వాయువు చాలా వరకు నక్షత్రాలుగా మారిపోయి ఉండవచ్చని కొందరు లెక్కవేశారు. మరికొందరు నక్షత్రాలు విడతలు విడతలుగా ఉప్పెనలా పుట్టాయని, ఆ ఉప్పెన సమయంలో ఉన్న గెలాక్సీలే మన కంట పడుతున్నాయని అంటున్నారు. బరువైన నక్షత్రాల వాటా ఎక్కువైతే తక్కువ బరువుతోనే ఎక్కువ వెలుగు వస్తుందన్నది మూడో మాట. ఈ మూడింటిలో ఏది ఎంత నిజమన్నదే ఇప్పుడు నడుస్తున్న పోరు. నన్నడిగితే రెండోదానిలో బలముంది. వాయువు ఎంత వేగంగా నక్షత్రమవుతుందన్నది మనకు పాలపుంతలోనే సరిగా తెలియదు, తొలి గెలాక్సీల్లో తెలుసుననుకోవడమే అతిశయం.

మెట్టుగూడ_మేఘం
నేను మొదటిదాని పక్షం. విడతల వల్ల వెలుగులో హెచ్చుతగ్గులు వస్తాయి, సరే. కానీ ఇన్ని గెలాక్సీలు ఇంత వెలుగుతో కనిపించడానికి అదొక్కటే చాలుతుందని నాకు నమ్మకం లేదు.

ముషీరాబాద్_సందేహం
మీలో మీకే ఏకాభిప్రాయం లేదు!

మెట్టుగూడ_మేఘం
వాయువు దగ్గర లేదు. వ్యాకోచం దగ్గర ఉంది. మాస్టారి పిల్లలకు చెప్పాల్సిన తేడా ఇదే.

వికారాబాద్_రాత్రులు
గెలాక్సీలు ఒకదాన్నొకటి మింగి పెరిగాయన్న మాటకు సాక్ష్యం కళ్ళతో చూడాలనుకునేవారు ఏప్రిల్-మే నెలల్లో అనంతగిరి కొండల వైపు రండి. రాత్రి పది, పదకొండు గంటలకు దక్షిణాన, దిగంతానికి 25 డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం ఉంటుంది. నగరంలో దీపాల వెలుగు దాన్ని మింగేస్తుంది. అక్కడ మాత్రం మామూలు బైనాక్యులర్లకే మసకగా, గుండ్రంగా, చుక్క కంటే స్పష్టంగా పెద్దదిగా కనిపిస్తుంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక అంచులు మెల్లగా బయటికి పాకుతున్నట్టు అనిపిస్తాయి. దాదాపు కోటి నక్షత్రాలు. చాలాకాలం కిందట పాలపుంత మింగేసిన ఒక మరుగుజ్జు గెలాక్సీ నడిబొడ్డు అదేనని చాలామంది ఖగోళ శాస్త్రవేత్తల అభిప్రాయం. నక్షత్రాల స్థానాలు, కదలికలు కొలిచే గయా ఉపగ్రహం కొలతలతో 2018లో ఇంకో పెద్ద విలీనం బయటపడింది, అది సుమారు 1,000 కోట్ల సంవత్సరాల నాటిది.

చెరువుల_ఇంజనీరు
మరి అందరూ గుద్దుకుంటూ పెరిగితే చక్కటి సర్పిలాకారం ఎప్పుడొచ్చింది?

ఉస్మానియా_పాత_విద్యార్థిని
అనుకున్న దానికంటే చాలా ముందే! పుణెలోని రేడియో ఖగోళ పరిశోధన కేంద్రం ఎన్‌సీఆర్‌ఏ పరిశోధకులు 2025లో వెబ్ చిత్రాల్లో ఒక గెలాక్సీని గుర్తించి అలకనంద అని పేరు పెట్టారు. బిగ్ బ్యాంగ్ తర్వాత 150 కోట్ల సంవత్సరాల నాటిది. రెండు పెద్ద చేతులు, మధ్యలో ఉబ్బు, అన్నీ కుదురుగా ఉన్నాయి. ఏబెల్ 2744 అనే గెలాక్సీ గుచ్ఛం వెనుక ఉండటంతో ఆ గుచ్ఛం గురుత్వమే కటకంలా పనిచేసి దాన్ని పెద్దదిగా చూపింది. అదే గుచ్ఛం వెనుక యూహెచ్‌జెడ్1 కూడా ఉంది. విశ్వానికి 47 కోట్ల సంవత్సరాల వయసులోనే భారీ కృష్ణబిలం ఉన్న గెలాక్సీ. చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్-రే టెలిస్కోపు దాన్ని పట్టుకుంది. ఆ బిలం బరువు దాని గెలాక్సీలోని నక్షత్రాలన్నిటి బరువుతో పోల్చదగినంత. చిన్న నక్షత్రం చచ్చి బిలమై, తింటూ తింటూ ఎదిగితే అంత కాదు. పెద్ద వాయు మేఘమే నేరుగా కూలి బిలమై ఉండాలని ప్రియంవద నటరాజన్ వంటి ఖగోళ శాస్త్రవేత్తలు ముందునుంచీ చెబుతున్నారు.

ఇంటర్_మొదటి_సంవత్సరం
ఇవన్నీ చేయడానికి హైదరాబాద్‌లో దారి ఉందా, లేక అందరూ పుణె వెళ్ళాల్సిందేనా?

కోఠి_పాతపుస్తకం
ఇక్కడ చరిత్ర చిన్నదేమీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల ప్రపంచ ఆకాశ పటం పనిలో పాలుపంచుకుని దక్షిణాకాశంలో తన వాటా పూర్తిచేసింది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు! ఒక్కొక్క గాజు పలకనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిచారు. జపాల-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. ఉస్మానియాలో ఖగోళ శాఖ 1959 నుంచి ఉంది. భౌతికశాస్త్రం గట్టిగా చదువు, ప్రోగ్రామింగ్ నేర్చుకో, దారి దానంతటదే దొరుకుతుంది.

పాతబస్తీ_రేడియో
అందరూ వెలుగు గురించే మాట్లాడుతున్నారు. గెలాక్సీలు పుట్టకముందు నిండి ఉన్న హైడ్రోజన్ రేడియోలో వినిపించాలి. దాని 1,420 మెగాహెర్ట్‌జ్‌ల సంకేతం వ్యాకోచం వల్ల 100 లోపుకు దిగిపోతుంది, అంటే మన ఎఫ్ఎం పక్కకే! 2018లో ఆస్ట్రేలియాలో 78 మెగాహెర్ట్‌జ్‌ల దగ్గర తొలి నక్షత్రాల జాడ దొరికిందన్నారు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ వాళ్ళు సరస్-3 అనే యాంటెనాను తెప్ప మీద కట్టి కర్ణాటకలోని దండిగనహళ్ళి చెరువులో, శరావతి జలాశయంలో తేలేశారు. నేల పొరలు పొరలుగా ఉండి కొలతను చెడగొడుతుంది, నీరు ఒకే తీరుగా ఉంటుంది కనుక. 2022లో ఫలితం చెప్పారు: ఆ జాడ అక్కడ లేదు. ముషీరాబాద్ గారూ, చెప్పిన దాన్ని తామే పరీక్షించి కొట్టేయడం ఈ రంగంలో ఇలా జరుగుతుంది.

ముషీరాబాద్_సందేహం
దీని గురించి ఇంకా చెప్పండి. చెరువు మీద అలలు లేస్తే కొలత చెడదా? నీటి లోతు ఎంత ఉండాలి? ఎఫ్ఎం గోలను ఎలా వేరుచేశారు?

పాతబస్తీ_రేడియో
రేడియో కోసం వేరే చర్చ తెరుస్తున్నాను. యాంటెనా బొమ్మ గీసి అక్కడ పెడతాను, ప్రశ్నలన్నీ అందులో వేయండి.